అయిదవ వరుస వీధి: క్యోటో నగరమందలి గోజో కథ

జపాను దేశమున క్యోటో నగరముగుండ కామో అను నది యొకటి ఉత్తరమునుండి దక్షిణమునకు పాఱుచున్నది. దానిపై గోజో వంతెన యని యొక వంతెన కలదు. ఆ వంతెనకు పడమటి కొసయందు, వీధి నడుమ విడిచిన పచ్చిక తిన్నెమీద, రెండు విగ్రహములు ఎదురెదురుగా నిలిచియున్నవి. ఒకటి ఆయుధపాణియైన స్థూలకాయుడగు సన్న్యాసిది. రెండవది పిన్నవాడగు బాలునిది. సన్న్యాసి పేరు బెంకే. బాలుని పేరు ఉషివాకా. వేయి కత్తులు కూడబెట్టవలెనని పంతము పట్టి, రాత్రివేళ దారిన పోవు యోధులనెల్ల అడ్డగించి, 999 కత్తులు గుంజుకొనిన బెంకే, వేయవ కత్తికొఱకు ఈ బాలునిమీదికి పోయి, ఓడి, తుదకు వానికే అనుచరుడయ్యెనని కథ. మన పిల్లలకు భీమ బకాసురుల కథ యెట్టిదో జపాను పిల్లలకు ఇది యట్టిది. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై మినమోతో యోషిత్సునే యను పేర సేనానాయకుడుగా ప్రసిద్ధికెక్కెను. ఆయన 1159 నుండి 1189 వరకు బ్రదికిన చారిత్రక పురుషుడు.

విగ్రహములు ముచ్చటగానే యున్నవి. కాని అవి నిలిచిన చోటు వారి చోటు కాదు. యోషిత్సునే నాటి గోజో వీధి అచ్చట లేదు. అది ఉత్తరముగా రెండు వీధుల అవతల, వేఱు పేరుతో, ఇరుకుగా, నేటికిని ఉన్నది. ఈ గోజో యను పేరు ఒక వీధిని విడిచి మఱియొక వీధికి ఎట్లు నడచిపోయెనో, ఆ రెండవ వీధికి నేడు కానవచ్చు వైశాల్యము ఎవరి యిండ్లమీదుగా వచ్చెనో, ఆ సంగతిని శ్రోతలకు మనవి చేయ నెంచితిని.

క్యోటో ఊరికే పెరిగిన ఊరు కాదు. గీత గీసి కట్టిన నగరము. క్రీస్తుశకము 794వ సంవత్సరమున కాన్‌మూ చక్రవర్తి తన రాజధానిని ఇచ్చటికి మార్చెను. చీనాదేశమున తాంగు వంశపు రాజులు ఏలిన చాంగాన్ నగరమును మాదిరిగా గైకొని, తూర్పు పడమరలు సుమారు 4½ కిలోమీటరులును, ఉత్తర దక్షిణములు 5 కిలోమీటరులకు పైగాను కొలిచి, చదరంగపు పలకవలె వీధులు తీర్చిరి. నడుమ ఉత్తర దక్షిణముగా సుజాకు అను మహా రాజమార్గము. దాని వెడల్పు 84 మీటరులు, అనగా 270 అడుగులకు మించినది. తూర్పు పడమరలుగా సాగు పెద్ద వీధులకు పేర్లు పెట్టుటకు వారు శ్రమపడలేదు. ఉత్తరమునుండి లెక్కపెట్టి ఒకటవ వరుస, రెండవ వరుస యని తొమ్మిది వఱకును పిలిచిరి. జపాను భాషలో ‘గో’ యన అయిదు, ‘జో’ యన వరుస. గోజో యన అయిదవ వరుస. నాడు దాని వెడల్పు 24 మీటరులు.

లెక్కయే పేరైన వీధి కదలునా యని ఎవరైన అడుగవచ్చును. నాలుగవదానికిని ఆఱవదానికిని నడుమ అయిదవది యుండక యెచ్చటికి పోవును? అయినను పోయినది.

మొదటి గోజో దొరల వీధి కాదు. చక్రవర్తి కోట నగరపు ఉత్తరభాగమున నుండుటచే ఉన్నతోద్యోగులు ఆ దిక్కుననే నివసించిరి. దక్షిణమునకు వచ్చినకొలది సామాన్యుల యిండ్లు. పదునొకండవ శతాబ్దపు ఆరంభమున మురసాకీ షికిబూ యను విదుషీమణి రచించిన గెంజి కథయందు, రాజకుమారుడగు గెంజి జబ్బుపడిన తన దాదిని చూచుటకు గోజోకు వచ్చును. ప్రక్క యింటి దడిమీద తెల్లని పూవులు విరిసియుండుట చూచి ఇవి యేమి పూవులని యడుగును. యూగావో యని సేవకుడు చెప్పును. అది మరేమియు కాదు, మన పెరటి సొరపాదు జాతియే. సాయంకాలమున తెల్లగా విరియు సొరపూవును ఆ రాజకుమారుడు అంతవఱకు ఎఱుగడు! ఆ వీధి యెట్టివారిదో తెలిసికొనుటకు ఈ యొక్క ప్రశ్న చాలునని నాకు తోచుచున్నది.

ఆ వీధివెంట తూర్పుగా నడచి, వంతెన దాటి, కొండవాలు ఎక్కినచో కియోమిజు దేవాలయము వచ్చును. అచ్చట కొలువున్న కన్నోన్ మన బౌద్ధగ్రంథములయందలి అవలోకితేశ్వరుడే. కావున గోజో వంతెన యన యాత్రికుల వంతెన. దేవాలయమువారు భక్తులయొద్ద చందాలు వసూలుచేసి దానిని నిలుపుకొనుచు వచ్చిరి. యాత్రికులతోబాటు శవములును ఆ వంతెనమీదుగానే పోయెడివి. ఏలయన ఆ కొండవాలునందే తొరిబెనో యను శ్మశానభూమి యుండెను. శ్మశానమునకు పోవు దారిలో చిన్నోజి యను గుడి కలదు. దాని ముందరి కూడలికి ‘ఆఱు గతుల కూడలి’ యని పేరు. దేవ మనుష్య తిర్యక్ ప్రేత నరకాది షడ్గతులను బౌద్ధులు చెప్పుదురు గదా, జీవుడు విడిపోవు చోటు అదియే యని అచ్చటివారి భావము. ప్రతివత్సరము ఆగష్టు నెల 7 మొదలు 10 వఱకు జనులు అచ్చటికి పోయి తమ పితరులను ఇంటికి పిలుచుకొని వత్తురు. పిలుచుటకొక గంట కలదు. అది కంటికి కనబడదు, గోడవెనుక నున్నది. దాని త్రాడొక్కటి బయటికి వచ్చియుండును. గంటను కొట్టరు, త్రాటిని తమవైపు లాగుదురు. లాగినచో పితృదేవతలు ఇటు వత్తురని విశ్వాసము. మన మహాలయ పక్షమును ఎఱిగినవారికి దీని భావము వేఱుగ విప్పి చెప్పనక్కఱలేదు.

ఇక బెంకే సంగతి. యోషిత్సునే చరిత్రను తెలుపు పాతగ్రంథమగు గికేకి యందు ఆ యిరువురు మొదట కలిసినది వంతెనపై కాదు. గోజో తెంజిన్ అను దేవాలయము దగ్గఱ. పిమ్మట కియోమిజు దేవాలయమున మరల తలపడిరి. పోరును వంతెనమీదికి తెచ్చినవారు తరువాతి నాటకకర్తలును పాటలు కట్టినవారును. ఏదియెట్లున్నను కథ యంతయు పాత గోజో వీధి పొడుగుననే నడచినది.

పదునేనవ శతాబ్దమున నగరమునకు మహావిపత్తు వచ్చెను. 1467 మొదలు 1477 వఱకు సామంతులు నగరమధ్యముననే పోరాడిరి. ఓనిన్ యుద్ధమని దానికి పేరు. నగరము చాలవఱకు తగులబడి, మిగిలిన జనులు ఎగువ పట్టణము, దిగువ పట్టణము అను రెండు భాగములుగా, చుట్టును కందకములు త్రవ్వుకొని తలదాచుకొనిరి.

ఆ శిథిలనగరమును మరల ఒక త్రాటికి తెచ్చినవాడు తొయొతోమి హిదేయోషి. సామాన్య కుటుంబమున పుట్టి, దేశమంతటిని తన చేతిక్రిందికి తెచ్చుకొనిన వాడు. కట్టుటయందు ఆయనకు తృప్తి లేదు. 1591లో నగరముచుట్టు 22 కిలోమీటరులకు పైగా మట్టికట్ట వేయించెను. గుళ్ళను పెకలించి ఒక వీధిలో వరుసగా నిలిపెను. అంతకుముందే, 1586లో, కామో నదికి తూర్పున ఒక మహాబుద్ధ విగ్రహమును నిలుపుటకు పూనుకొనెను. కొయ్యతో చేసిన ఆ విగ్రహము సుమారు 19 మీటరుల ఎత్తుది. దానిని కప్పు మందిరము అంతకంటె గొప్పది. అంతటి బుద్ధుని దర్శించుటకు దారి కావలెను గదా. పాత గోజో వంతెన ఉత్తరముగా నున్నది. దానిమీదుగా వచ్చినచో చుట్టుదారి. ఆయన మార్గమును వంతెన దగ్గఱకు తీసికొనిపోలేదు. వంతెననే మార్గము దగ్గఱకు తెచ్చెను. రెండు వీధుల దక్షిణముగా, అయిదవ వరుసయు ఆఱవ వరుసయు కాని ఒక చిన్న వీధి కొసను, రాతి స్తంభములతో క్రొత్త వంతెన కట్టించెను. ఆ స్తంభములపై చెక్కిన సంవత్సరము మన లెక్కకు 1589 అగును. 1590 నాటికి వంతెన నడచుచుండెను.

పాత వంతెన పోయినను దాని పేరు పోలేదు. క్రొత్తదానిని జనులు గోజో వంతెన యనియే పిలిచిరి. వంతెనకు పోవు వీధి గాన ఆ చిన్న వీధి గోజోవంతెన వీధి యయ్యెను. పిలువ పిలువ నడిమి మాట జారిపోయి గోజో వీధియే యయ్యెను. అసలు గోజో తన పేరు పోగొట్టుకొని, తన ప్రక్కల పెరిగిన దేవదారు జాతి వృక్షములనుబట్టి మత్సుబారా వీధి యనిపించుకొనెను. ఆ వీధిలోని వారు ఇల్లు మారలేదు, గడప మారలేదు, పేరుమాత్రము దాటిపోయినది. దీనికై ప్రభుత్వపు తాఖీదు ఏదియు అక్కఱలేకపోయినది. వాడుకయే చాలినది.

విచిత్రమేమన, ఏ బుద్ధునికొఱకు వంతెన కదలెనో ఆ బుద్ధుడు నిలువలేదు. 1595లో పూర్తియై, ప్రతిష్ఠోత్సవమైనను జరుగకముందే 1596 నాటి భూకంపమునకు విగ్రహము బ్రద్దలయ్యెను. 1598లో హిదేయోషి మరణించెను. ఆ స్థలమున తరువాత నిలిపిన విగ్రహములును ఒకదాని వెంట నొకటి నశింపగా, చివరిది 1973లో అగ్నికి ఆహుతి యయ్యెను. హిదేయోషి వంతెన రాళ్ళు మాత్రము కొన్ని నేటికిని ఉన్నవి. 1895లో కట్టిన హెయాన్ దేవాలయపు తోటలో, కొలనును దాటుటకు అడుగు వేయు రాళ్ళుగా అవి నీటిలో నిలిచియున్నవి. ఆ రాళ్ళపై కాలు మోపి పోవువారు వాటిక్రింద ఒకప్పుడు కామో నది ప్రవహించినదని తలతురో లేదో.

క్రొత్త గోజో తూర్పుకొస కొండవాలు ఎక్కు భాగమునకు గోజోజాకా యని పేరు. అది కుమ్మరుల పేట. వాలువెంబడి మెట్లుమెట్లుగా పైకి ప్రాకు ఆవములలో గిన్నెలు, తేనీటి పాత్రలు, పూలకుండలు కాల్చెడివారు. ఒక గదిలోని వేడి దాని పై గదికి ఎక్కునట్లు కట్టిన ఆవములవి. ఒక్కొక్కదానిని పలువురు కుమ్మరులు వంతులవారీగా పంచుకొనెడివారు. కావాయి కంజిరో (1890–1966) అను ప్రసిద్ధ కుమ్మరి ఇచ్చటనే 1937లో తన యిల్లు కట్టుకొని పనిచేసెను. ప్రభుత్వము ఇయ్యజూపిన బిరుదులను వలదనిన మనిషి. ఆయన యిల్లును వెనుకనున్న ఆవమును 1973 నుండి ప్రదర్శనశాలగా కాపాడుచున్నారు, ఆవము చల్లబడిపోయినది. పొగవలన జనులకు బాధయని నగరమున అట్టి ఆవములు కాల్చుట మాన్పించిరి. ఈ పేటలో 1920 నుండి ఆగష్టు నెలలో, చిన్నోజి గుడికి పితరులను పిలువవచ్చువారి రద్దీని ఆధారము చేసికొని, మట్టిపాత్రల సంత నడచుచు వచ్చెను. పాత గోజోకు వచ్చిన భక్తులు క్రొత్త గోజోలో బేరమాడి ఇంటికి పోయెడివారు. విడిపోయిన రెండు వీధులు ఏటికి నాలుగు దినములు ఇట్లు కలిసికొనెడివి.

గోజోకు దక్షిణమున కొలది దూరములోనే హొంగాంజి యను పేరుగల రెండు మహామఠములు కలవు. ఆ సంప్రదాయమువారు తమ గురుపరంపరలో ఏడుగురు ఆచార్యులను స్మరింతురు. అందు ప్రథముడు నాగార్జునుడు. జపాను నాలుకపై ఆ పేరు ర్యూజు అయినది. నాగార్జునకొండ పేరు వినని తెలుగువాడుండడు గాన ఈ మాట చెప్పి ముందునకు పోవుచున్నాను.

క్యోటోకు శత్రువు నిప్పు. ఇండ్లు కొయ్యవి, తలుపులు కాగితపువి. వీధివైపు వెడల్పు కొంచెము, లోనికి పొడవు మిక్కుటము; అట్టి యింటిని వారు పరిహాసముగా మలుగుచేప పడక యందురు. ఇల్లు ఇంటిని ఒరసికొని యుండును. 1788లో నదికి తూర్పుగట్టున పుట్టిన మంట నదిని దాటి నగరములో చాలవఱకు బూడిద చేసెను. 1864లో రాజకీయ కలహమువలన చక్రవర్తి భవనపు ద్వారముకడ పోరాటము జరుగగా రేగిన అగ్ని ఇరువదియేడు వేల యిండ్లకు తక్కువ గాకుండ కాల్చెను. ఇది తాతలు మనుమలకు చెప్పిన సంగతి. కావున 1945లో ప్రభుత్వము అగ్నిభయము పేరు చెప్పినపుడు అది వట్టిమాటయని త్రోసివేయగలవారు లేకపోయిరి.

ఆ సంవత్సరము మార్చి నెలలో అమెరికా విమానములు 10వ తేదీని టోక్యోను, 12న నగోయాను, 13, 14 తేదీల నడిరాత్రి ఒసాకాను, 17న కోబేను నిప్పుబాంబులతో తగులబెట్టెను. ఒసాకా క్యోటోకు ఇరుగుపట్టణమే. క్యోటోలోనే గోజోజాకాకు చేరువనున్న ఉమామాచి పేటమీద జనవరి 16న బాంబులు పడి ముప్పదిమందికి మించి మరణించిరి. ఇక ఆలస్యము కూడదని అధికారులు నిశ్చయించిరి. మంట ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు దూకకుండ నగరమున విశాలమగు బయలు చీలికలు చేయవలెను. గోజో, ఓయికే, హొరికావా అను మూడు వీధులను అందుకు ఏర్పఱచిరి. వాటి అంచునగల యిండ్లు పడవలెను.

ఈ పనికి వారు పెట్టిన పేరును గమనింపుడు. పిల్లలను పట్టణములనుండి పల్లెలకు పంపుటకు ‘సోకాయి’ యను మాట వాడుకలో నుండెను. తరలింపు అని అర్థము. ఇండ్లు కూల్చుటకును ఆ మాటనే వాడిరి. కట్టడముల తరలింపట! పిల్లవాడు తరలిపోయినచో తిరిగి రాగలడు. ఇల్లు తరలునా?

ఖాళీ చేయుటకు ఇచ్చిన గడువు దినములలో లెక్కింపదగినది. బండ్లు దొరకని కాలము, మగవారు యుద్ధరంగమునకు పోయిన కాలము. తరతరముల దుకాణపు సామగ్రి, దేవతార్చన మందసము, వంటపాత్రలు, ముసలివారు, వీరినెల్ల చుట్టముల యింటికో తెలియని పేటకో చేర్చవలెను. ఇల్లు ఖాళీయైన వెంటనే పెంకులు దింపి, తలుపులు ఊడదీసి, ముఖ్యమగు స్తంభములను ఱంపముతో సగము కోసి, మోకులు కట్టి, పదిమంది కలిసి లాగెడివారు. లాగినవారిలో బడిపిల్లలును ఉండిరి. నూఱేండ్ల యిల్లు ఒక్క పెట్టున కూలి ధూళి యెగయుటతో పని ముగిసెడిది. ఇంటిముందు భాగము పోయినచో వెనుక భాగమున తలదాచుకొందమన్న వీలులేదు. కావలసిన వెడల్పు అంతటిది.

అధికారులను నిందించుట నాకు సమ్మతము కాదు. ఒసాకా కాలుచుండగా చూచినవారు వేఱొకటి చేయుదురని చెప్పలేము. కాని ఆకాశమునుండి వేలకొలది నిప్పుముక్కలు వీధికి ఇరుప్రక్కలను ఒక్కసారి రాలునపుడు నడుమ నున్న బయలు ఎంతవఱకు కాపాడును? ఆ ప్రశ్నకు సమాధానము క్యోటోలో దొరకలేదు. ఏలయన ఆ మంట అచ్చటికి రానేలేదు. జూన్ 26న నేతగాండ్ర పేటయగు నిషిజిన్‌పై బాంబులు పడి నలుబదిమందికి పైగా చనిపోయిన మాట నిజము. అంతకుమించి నగరము దగ్ధము కాలేదు.

రాకపోవుటకు గల కారణము యుద్ధానంతరమునగాని లోకమునకు తెలియలేదు. అణుబాంబు ప్రయోగించుటకు తగిన నగరములను ఎంచిన అమెరికా సంఘము మే నెలలో క్యోటోను మొదటి వరుసలో నిలిపెను. అట్లు ఎంచిన నగరములను బాంబు బలము తెలియుటకై చెక్కుచెదరకుండ విడిచిపెట్టవలెనని సామాన్యపు దాడులను వాటిపై ఆపిరి. పిమ్మట అమెరికా యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్‌సన్ క్యోటోను ఆ పట్టికనుండి తీసివేయవలెనని పట్టుపట్టి, జూలై నెలలో అధ్యక్షుడగు ట్రూమన్ చేత ఒప్పించుకొనెను. ఆయన 1926లో ఆ నగరమును చూచినవాడు. పట్టికలో క్రొత్తగా చేరిన పేరు నాగసాకి. గోజోలో ఇండ్లు పోగొట్టుకొనిన వారు తమ వీధి దాటివచ్చిన గండమెట్టిదో ఆనాడు ఎఱుగరు. ఆగష్టు 15న యుద్ధము ముగిసెను. వీధిప్రక్కన ఇండ్లున్న చోట బయలు మిగిలెను.

బయలు తిరిగి ఇండ్లు కాలేదు. నగరపాలకులు ఆ స్థలములను వెడల్పైన రాజమార్గములుగా నిర్ణయించిరి. గోజో వెడల్పు 50 మీటరులు, అనగా 160 అడుగులకు మించినది. టోక్యోనుండి ఒసాకాకు పోవు ఒకటవ నెంబరు జాతీయరహదారి తూర్పుకొండలు దాటి గోజోలో దిగును. పడమర సముద్రతీరమునకు పోవు తొమ్మిదవ నెంబరు రహదారి గోజోలోని కరసుమా కూడలిలో మొదలగును. నేటి వంతెన 1959లో కట్టినది. నగరమున బండ్ల రాకపోకలు ఈ మూడు వెడల్పు వీధులు లేనిచో ఎట్లు సాగెడివో ఊహింపలేము. ఆ మేలు నిజమే. మేలు పొందినవారు వేఱు, గడప పోగొట్టుకొనినవారు వేఱు.

పాత గోజోకు ఇంకొక నష్టము మిగిలియుండెను. క్యోటోలో గియోన్ ఉత్సవము కడు పురాతనమైనది; 869లో తెగుళ్ళు ప్రబలినపుడు మొదలైనదని చెప్పుదురు. జూలై నెలలో మన రథములకు తీసిపోని ఎత్తైన బండ్లను మోకులతో లాగికొనిపోదురు. పేరు మత్సుబారా యైనను ఆ ఊరేగింపు మాత్రము పాత గోజోను మఱువలేదు. 1955 వఱకు ఆ ఇరుకు వీధిలోనే, చూరులకు తాకునో తాకదో యన్నట్లు, బండ్లు కదలుచు వచ్చెను. 1956లో దారి మార్చి, ఉత్తరముగా ఓయికే వీధికి త్రిప్పిరి. అచ్చట వేలాది జనులు కూర్చుండి చూచుటకు చోటున్నది. ఆ చోటు ఎట్లు వచ్చినదో ఇంతకుముందే చెప్పితిని.

నేడు మత్సుబారా వీధిలో నడచువానికి ఇరుప్రక్కల చిన్న దుకాణములు, ఇండ్లు కనబడును. పడమరగా పోయినచో ఒక చిన్న దేవాలయము వచ్చును. బెంకేయు ఉషివాకాయు తొలుత కలిసిరని గికేకి చెప్పునది అచ్చటనే. వీధి పేరు మారి నాలుగువందల యేండ్లు దాటినది. ఆలయపు ముఖద్వారమున నేటికిని వ్రాసియున్న పేరు గోజో తెంజిన్.